రూగర్ 10/22 మీద రెండు తేలికపాటి రైఫిళ్లు: బరువు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

1. గోదారి22

అందరికీ నమస్కారం. ఉండేది టెక్సాస్, గ్రీన్‌కార్డు ఉంది. రూగర్ 10/22 (.22 తూటా కాల్చే సెమీ ఆటో రైఫిలు) మీద రెండు తేలిక రైఫిళ్లు తయారు చేసుకోవాలని ప్లాను. ఒకటి నాకు, ఇంకోటి పదకొండేళ్ల మా అమ్మాయికి. 25, 50 గజాల్లో కాగితం టార్గెట్లు కొట్టడం, ఆ తర్వాత ఇద్దరం కలిసి ఆపిల్‌సీడ్ క్లినిక్‌కి (రైఫిలు గురి నేర్పే శిబిరం) వెళ్లడం. వేట ఉద్దేశం లేదు.

ఫ్యాక్టరీ కార్బైన్ 5 పౌన్లు, అంటే 2.27 కిలోలు. స్కోపు, స్లింగు (పట్టీ), మ్యాగజీన్ (తూటాల డబ్బా) లేకుండా 4 పౌన్ల (1.8 కిలోల) లోపుకి తేవాలి. రెండూ ఒకే విడిభాగాలతో ఉండాలి, స్టాకు (చేత్తో పట్టి భుజానికి ఆనించే భాగం) పొడవు మాత్రమే తేడా. ఇవి తేల్చుకోవాలి:

బ్యారెల్ ఏ రకం? ఫ్యాక్టరీ స్టాకు ఉంచాలా, మార్చాలా? ట్రిగ్గర్ సంగతేంటి? ఒకేసారి రెండు కొంటే కాగితాల ఇబ్బంది ఉంటుందా? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పండి.

2. ఆస్టిన్_రిమ్‌ఫైర్

ముందు కాగితాల సంగతి, అది చిన్నది. 10/22లో సీరియల్ నంబరు ఉండేది రిసీవర్ (బ్యారెల్, బోల్టు, ట్రిగ్గర్ అన్నీ వచ్చి కూర్చునే మధ్య భాగం) మీద. చట్టం లెక్కలో తుపాకీ అంటే అదొక్కటే. దాన్ని లైసెన్సున్న డీలరు దగ్గర ఫారం 4473 నింపి తీసుకోవాలి. బ్యారెల్, స్టాకు, ట్రిగ్గర్ హౌసింగు మామూలు పోస్టులో ఇంటికొస్తాయి. టెక్సాస్‌తో సహా నాలుగు సరిహద్దు రాష్ట్రాల్లో, ఒకే మనిషి ఐదు పనిదినాల్లో రెండు సెమీ ఆటో రైఫిళ్లు కొంటే డీలరు రిపోర్టు పంపాలన్న రూలు ఉంది గానీ, అది .22 కంటే పెద్ద క్యాలిబర్లకే. .22 రిమ్‌ఫైర్‌కి వర్తించదు. రెండూ ఒకే రోజు తీసుకోవచ్చు.

అమ్మాయి రైఫిలు కూడా మీ పేరు మీదే కొంటారు. తండ్రి తన డబ్బుతో కొని పిల్లకి వాడనివ్వడం తప్పు కాదు. కానీ "నా వీసాతో కుదరదు, నువ్వు కొనిపెట్టు" అని అడిగే స్నేహితుడికి కొనిపెడితే అది ఫెడరల్ నేరం. ఈ ముక్క మనవాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి గట్టిగా చెప్తున్నా.

3. సరిత_ప్లేనో

పై మాటకి తోడు ఇంకోటి. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, ఎల్1 ఇవన్నీ నాన్ఇమ్మిగ్రెంట్ వీసాలే. ఈ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు. "మనం కొనట్లేదు కదా, రేంజిలో అద్దెకి తీసుకుంటాం" అంటారు. చేతిలోకి తీసుకుంటే పొసెషన్ కిందే లెక్క. గోదారి గారికి గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఈ గొడవ లేదు, కానీ వారాంతం రేంజికి స్నేహితులని తీసుకెళ్లేటప్పుడు ఇది గుర్తుండాలి.

రెండోది, రేంజికి వాడిన బ్యాగు ఇండియా ప్రయాణానికి వాడొద్దు. సైడు జేబు కుట్టులో ఒక్క .22 తూటా ఇరుక్కుని ఉన్నా ఇండియా ఎయిర్‌పోర్టులో ఆయుధ చట్టం కేసు అవుతుంది. రేంజి బ్యాగు వేరు, ప్రయాణం బ్యాగు వేరు.

4. లేత్_మాస్టర్

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. బరువు ఎక్కువ పోయేది బ్యారెల్‌లో. లెక్క చూడండి. 0.920 అంగుళాల వ్యాసం, 20 అంగుళాల పొడవున్న స్టీలు బుల్ బ్యారెల్ దాదాపు 3.5 పౌన్లు తూగుతుంది. మీ లక్ష్యం మొత్తం 4 పౌన్లు. కాబట్టి అది మొదట్లోనే పక్కన పెట్టండి.

ఫ్యాక్టరీ 18.5 అంగుళాల బ్యారెల్‌నే కోసి 16.25కి తెస్తే ఎంత మిగులుతుంది? మూతి దగ్గర వ్యాసం 0.6 అంగుళం అనుకుంటే, తీసేసిన రెండుంపావు అంగుళాల ముక్క 70 గ్రాముల దరిదాపు. ఆ 70 గ్రాముల కోసం ముందు సైటు కూర్చునే డవ్‌టెయిల్ గాడి పోతుంది, మూతిని లేత్ మీద మళ్లీ క్రౌన్ చేయాలి (అంచు సరిగ్గా చెక్కాలి). నా అభిప్రాయంలో ఆ ఖర్చుకి తగ్గ ఫలితం లేదు.

సరైన దారి, లోపల సన్నటి స్టీలు లైనరు, బయట అల్యూమినియం తొడుగు ఉన్న బ్యారెల్. ట్యాక్టికల్ సొల్యూషన్స్ వాళ్లవి ఈ రకం. 16.5 అంగుళాలది పౌనుకి అటూ ఇటూగా ఉంటుంది. కార్బన్ ఫైబర్ తొడుగువి వోల్క్వార్ట్‌సెన్ లాంటి వాళ్లు చేస్తారు, ధర బాగా ఎక్కువ. రెండు రైఫిళ్లకు కాబట్టి ధర రెండింతలు గుర్తుంచుకోండి.

16 అంగుళాల కంటే పొట్టి బ్యారెల్ రైఫిలుకి బిగిస్తే అది షార్ట్ బ్యారెల్ రైఫిలు అవుతుంది, ముందే రిజిస్టరు చేయించాలి. మొత్తం పొడవు కూడా 26 అంగుళాలకు తగ్గకూడదు. బోల్టు (తూటా వెనక మూసే ముక్క) మూసి, మూతిలోంచి కడ్డీ దించి బోల్టు ముఖానికి ఆనించి కొలవాలి. మరతో ఊడొచ్చే మూతి తొడుగులు పొడవులోకి రావు. అందుకే 16.5 కొనుక్కుంటే మనసు నిమ్మళం.

5. పాలమూరు_పిల్లగాడు

లేత్ మాస్టరన్న చెప్పింది కరెక్టే, కానీ స్టాకు గురించి ముందుగాల్నే ఆలోచించాలె. ఆ అల్యూమినియం బ్యారెళ్లు చానామటుకు 0.920 మందంతోని ఉంటయి. ఫ్యాక్టరీ కార్బైన్ స్టాకుల గాడి సన్నగ పోయే బ్యారెల్‌కి సరిపోయేటట్టు ఉంటది, ముందు బ్యాండు (బ్యారెల్‌ని స్టాకుకి పట్టి ఉంచే పట్టీ) కూడా అంతే. లావు బ్యారెల్ దాంట్ల కూసోదు. అంటే బ్యారెల్ మారితే స్టాకు కూడా మారుతది. మార్కెట్ల దొరికే 0.920 స్టాకులు అన్నీ తేలికయినవి అనుకోకుర్రి. చూడనీకి ప్లాస్టిక్కే, కానీ ఫ్యాక్టరీ సింథటిక్ స్టాకు కంటే బరువు ఎక్కువున్నవి ఉన్నయి. బ్యారెల్‌ల మిగిలించింది స్టాకుల పోతది.

రెండు దార్లున్నయి. ఒకటి, ఫ్యాక్టరీ టేపరు సైజులనే వచ్చే తేలిక బ్యారెల్ తీసుకొని పాత సింథటిక్ స్టాకు ఉంచుకునుడు. రెండోది, 0.920 బ్యారెల్, దానికి తగ్గ స్టాకు కొనే ముందు కంపెనీ రాసిన బరువు చూసుకునుడు, రాయకపోతే అడుగుడు. వంటింటి డిజిటల్ కాటా మీద ప్రతి భాగం తూచి కాగితం మీద రాయండి. కూడితెనే తెలుస్తది ఏడ ఎంత పోతుందో.

పాపకి అయితే ఇంకో మాట. రూగర్‌దే 10/22 కాంపాక్ట్ మోడల్ ఉంది, 16.12 అంగుళాల బ్యారెల్, 4.5 పౌన్లు, పట్టు పొడవు (ట్రిగ్గర్ నుంచి స్టాకు వెనక అంచు దాక) 12.75 అంగుళాలు. మామూలు కార్బైన్‌ది 13.5. పాప రైఫిలుకి కాంపాక్ట్ మీదికెల్లి మొదలుపెడితే స్టాకు కోసుడు, స్పేసర్లు (పొడవు పెంచే పలకలు) ఇదంతా ఉండదు.

6. గోదారి22

ధన్యవాదాలు అందరికీ. ఇద్దరికీ ఒకే బ్యారెల్, ఒకే ట్రిగ్గర్ పెట్టి, అమ్మాయిదానికి కాంపాక్ట్ స్టాకు, నాదానికి మామూలు సింథటిక్ స్టాకు అనుకుంటున్నా. ఫ్యాక్టరీ టేపరు సైజు బ్యారెల్ చూస్తా. పట్టు పొడవు సరిపోయిందో లేదో ఎలా చూడాలి? ఇంకా, నాలుగు పౌన్ల రైఫిలుతో నిలబడి కొట్టేటప్పుడు ఊగుతుందా?

7. సరిత_ప్లేనో

పట్టు పొడవు చూడటం ఇలా. రైఫిలు ఖాళీ అని చూసుకుని, మోచేతిని తొంభై డిగ్రీలు వంచి బట్‌ని మోచేతి లోపలి మడతకి ఆనించండి. చూపుడు వేలు మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి హాయిగా రావాలి. అది తొలి అంచనా. అసలు పరీక్ష భుజానికి పెట్టాక. పాప వెనక్కి వాలకుండా, మెడ సాగదీయకుండా చెంప స్టాకు మీద ఆనాలి. వెనక్కి వాలుతోంది అంటే స్టాకు పొడవు ఎక్కువైనా అయ్యుండాలి, ముందు బరువైనా ఎక్కువై ఉండాలి. జాకెట్టు వేసుకుని ఒకసారి, వేసుకోకుండా ఒకసారి చూడండి. పిల్లలు ఎదుగుతారు కాబట్టి స్పేసర్లు పెట్టడానికి వీలుండాలి.

ఊగడం గురించి ఆస్టిన్ అన్న చెప్తే బాగుంటుంది.

8. ఆస్టిన్_రిమ్‌ఫైర్

ఊగుతుంది. అందుకే ఎంత తగ్గించామన్నదే కాదు, తగ్గాక బరువు ఎక్కడ నిలిచిందన్నదీ చూడాలి. బ్యారెల్ తేలికైతే తూకం వెనక్కి జరుగుతుంది. మూతి గాల్లో తేలుతూ ప్రతి గుండె చప్పుడుకీ కదులుతుంది. సన్నటి కర్ర మీదో, పలక అంచు మీదో రైఫిలు పెట్టి తూకం చూడండి. మ్యాగజీన్ గూడుకి కాస్త ముందు, అంటే రిసీవర్ ముందు అంచు దగ్గర నిలవాలి. గూడు మధ్యలోకి వచ్చేస్తే మూతి నిలవదు. అప్పుడు ఫోరెండు (స్టాకు ముందు భాగం) లోపల, చివర్లో 60 నుంచి 100 గ్రాములు తిరిగి పెట్టండి. ఇది ఓటమి కాదు. అర కిలో తీసి, 80 గ్రాములు సరైన చోట పెట్టిన రైఫిలు, మొత్తం తీసేసినదానికంటే బాగా నిలబడుతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ట్రిగ్గర్. ఫ్యాక్టరీ 10/22 ట్రిగ్గర్ దాదాపు 6 పౌన్లు లాగాలి. రైఫిలు 4 పౌన్లు! తుపాకీ బరువుకంటే ట్రిగ్గర్ లాగుడు ఎక్కువైతే వేలు నొక్కుతున్నంతసేపూ రైఫిలే కదులుతుంది. 5 పౌన్ల రైఫిలులో దాచుకోగలిగిన లోపం 4 పౌన్లకు రాగానే బయటపడుతుంది. రైఫిలు తేలిక చేసేవాళ్లందరూ మొదట మార్చాల్సింది ట్రిగ్గర్, తర్వాతే బ్యారెల్. రూగర్ వాళ్లదే బీఎక్స్ ట్రిగ్గర్ వస్తుంది, పూర్తి హౌసింగుతో. 2.75 పౌన్ల దరిదాపు ఉంటుంది. పాతది తీసి ఇది పెట్టడమే, లోపల ఏమీ ముట్టక్కర్లేదు.

లోపలి సియర్‌ని (హ్యామర్‌ని ఆపి ఉంచే కొక్కెం), హ్యామర్‌ని ఆకురాయితో అరగదీసి తేలిక చేస్తాం అనే వీడియోలు చూసి ఆ పని చేయొద్దు. కోణం కొంచెం మారినా ఒక నొక్కుడుకి రెండు పేలతాయి, లేదా సేఫ్టీ తీసినప్పుడే పేలుతుంది. పిల్ల చేతిలో పెట్టేదానికి ఆ ప్రయోగం వద్దే వద్దు. పిల్ల రైఫిలుకి 2.75 కంటే తక్కువ కూడా వద్దు.

9. లేత్_మాస్టర్

బిగింపు మీద నా మాట వినండి. ఈ రైఫిళ్లలో ఎక్కువ గొడవలు అక్కడే మొదలవుతాయి. 10/22 బ్యారెల్ రిసీవర్‌లోకి మరతో ఎక్కదు. తోసి పెడతాం, కింద వీ ఆకారపు చిన్న దిమ్మె, రెండు అలెన్ స్క్రూలు దాన్ని వెనక్కి లాగి పట్టుకుంటాయి. కీ 5/32 అంగుళం.

విప్పే వరుస: మ్యాగజీన్ తీయాలి, బోల్టు లాగి చాంబరులోకి (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, చిటికెనవేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోవాలి. సేఫ్టీ బటన్‌ని సగంలో నిలపాలి. అలా నిలపకపోతే రిసీవర్ స్టాకులోంచి రాదు. బ్యాండు స్క్రూ వదులు చేసి ముందుకి జరపాలి, కింద స్టాకుని పట్టి ఉంచే టేక్‌డౌన్ స్క్రూ విప్పి, మూతి వైపు నుంచి పైకి ఎత్తాలి. రెండు అడ్డం పిన్నులు తోస్తే ట్రిగ్గర్ హౌసింగు ఊడొస్తుంది. వెనక బోల్టు స్టాప్ పిన్ను తీయాలి. రిసీవర్ బోర్లా తిప్పి, బోల్టు హ్యాండిల్ పూర్తిగా వెనక్కి లాగిపట్టి, బోల్టు ముందు అంచుని పైకి ఎత్తితే వచ్చేస్తుంది. తర్వాత వీ దిమ్మె స్క్రూలు.

పాత బ్యారెల్ గట్టిగా పట్టుకుని ఉంటే సుత్తి తీయొద్దు. అటూ ఇటూ కొంచెం కదుపుతూ నేరుగా లాగాలి. కొత్తది చేతి ఒత్తిడితో దూరాలి. గట్టిగా ఉంటే బ్యారెల్‌ని ఓ గంట ఫ్రీజర్‌లో పెట్టి, రిసీవర్ ముక్కుని హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి. అప్పటికీ దూరకపోతే సన్నటి గరుకు కాగితంతో బ్యారెల్ తోక మీద రుద్దుకోవచ్చు, రిసీవర్ రంధ్రం మీద మాత్రం కాదు. బ్యారెల్ పాడైతే మరోటి కొనొచ్చు, రిసీవర్ నంబరున్న భాగం.

బ్యారెల్ అడుగున ఉన్న గాడి వీ దిమ్మెకి ఎదురుగా రావాలి. అది సరిగ్గా కూర్చుంటే ఎక్స్‌ట్రాక్టరు (ఖాళీ గొట్టాన్ని లాగే కొక్కెం) కోత కూడా దాని చోటికి తనే వస్తుంది. తర్వాత రెండు స్క్రూలూ ఒకదాని తర్వాత ఒకటి, పావు తిప్పు చొప్పున బిగించాలి. రెండు దిమ్మె అంచులూ సమంగా పైకి రావాలి. టార్క్ రెంచి 10 నుంచి 12 ఇంచ్-పౌండ్ల దగ్గర ఆపండి, బ్యారెల్ పెట్టెలో వచ్చిన కాగితం వేరే అంకె చెప్తే అదే వినండి. అల్యూమినియం రిసీవర్, దాని మీద అల్యూమినియం బ్యారెల్. "ఇంకొంచెం" అనుకుని బిగిస్తే దిమ్మె బ్యారెల్ గాడిలోకి దిగిపోతుంది, లేదా రిసీవర్ మర చితికిపోతుంది. రెండోది అయితే ఆ రిసీవర్‌కి ఇక పెద్ద రిపేరే.

10. గోదారి22

బోల్టు, హెడ్‌స్పేస్ (మూసిన బోల్టుకీ బ్యారెల్‌కీ మధ్య తూటా అంచుకి ఉండే చోటు) సంగతి? బ్యారెల్ మార్చాం కదా, గేజీలు పెట్టి చూడాలా?

11. లేత్_మాస్టర్

మంచి ప్రశ్న. రిమ్‌ఫైర్ తూటా అంచు, అంటే రిమ్, 10/22లో బోల్టు ముఖంలో తవ్విన గుంటలో కూర్చుంటుంది. బోల్టు ముఖం బ్యారెల్ వెనక భాగానికి నేరుగా ఆనుతుంది. అంటే హెడ్‌స్పేస్‌ని నిర్ణయించేది బోల్టు గుంట లోతు, బ్యారెల్ కాదు. ఫ్యాక్టరీ బోల్టు అలాగే ఉంచితే బ్యారెల్ మార్చడం వల్ల హెడ్‌స్పేస్ మారదు. వేరే కంపెనీ బోల్టు కొంటే మాత్రం గుంట లోతు చూసుకోవాలి. రిమ్ మందం గరిష్ఠంగా 0.043 అంగుళం, మంచి బోల్టులు ఆ అంకె దగ్గరే కోస్తారు.

రెండు రైఫిళ్ల బోల్టులు కలిసిపోకుండా, విప్పే ముందే ఒక్కోదానికి రంగు చుక్క పెట్టండి. బోల్టు, ఎక్స్‌ట్రాక్టరు, స్ప్రింగు కలిసే అరుగుతాయి. మారిపోతే ఏ రైఫిలు ఎందుకు మొరాయిస్తోందో కనుక్కోవడం కష్టమవుతుంది.

12. కృష్ణాతీరం

చాంబరు గురించి ఎవరూ చెప్పలేదు. ఫ్యాక్టరీ బ్యారెల్‌ది వదులు చాంబరు, దుమ్మున్నా, తూటా మీది మైనం ఎక్కువున్నా మింగేస్తుంది. పోటీ బ్యారెళ్లలో బెంట్జ్ లాంటి బిగుతు చాంబర్లు ఉంటాయి. గురి బాగుంటుంది గానీ రెండు ఇబ్బందులున్నాయి. సీసీఐ స్టింగర్ తూటాలు వాటిలో వాడకూడదు, వాటి గొట్టం మామూలు .22 కంటే పొడుగు. ఇంకోటి, బెంట్జ్ కంటే కూడా బిగుతైన చాంబర్లలో పేలని తూటాని బోల్టు లాగి తీయాలంటే తల భాగం బ్యారెల్ లోపలి మరల్లో ఇరుక్కుని గొట్టం ఒక్కటే ఊడొచ్చి, మందు రిసీవర్‌లో పడే అవకాశం ఉంది.

ఏ తూటా నప్పుతుందో ముందే చెప్పలేం. 40 గ్రెయిన్ల స్టాండర్డ్ వెలాసిటీ రకాలు ఐదారు తీసుకోండి. సీసీఐ స్టాండర్డ్ సెకనుకి 1070 అడుగులు, మొదలెట్టడానికి మంచిది. ఒక్కో రకానికీ 50 గజాల్లో ఐదేసి తూటాల గుంపులు ఐదు. రకం మార్చినప్పుడల్లా మొదటి పది తూటాలు లెక్కలోకి తీసుకోవద్దు, పాత మైనం పోయి కొత్తది పట్టాలి. రెండు రైఫిళ్లూ ఒకే కంపెనీ బ్యారెళ్లయినా ఒకే తూటా ఇష్టపడతాయని లేదు.

13. పాలమూరు_పిల్లగాడు

స్లింగు సంగతి గోదారన్న అడగలే కానీ ఆపిల్‌సీడ్‌కి పోతున్నడు కాబట్టి చెప్పాలె. ఆడ అంతా స్లింగు బిగించి కొట్టుడే. 1.25 అంగుళాల వెడల్పు నూలు స్లింగు. దూరం 25 మీటర్లు, పరీక్ష 40 తూటాలు, 250 మార్కులు, 210 వస్తే రైఫిల్‌మన్. నిలబడి, కూసొని, పండుకొని కొట్టాలె. కూసున్నప్పుడు, పండుకున్నప్పుడు స్లింగు ఫోరెండుని గట్టిగ కిందికి లాగుతది.

ఈడనే తేలిక స్టాకుకి లోపం. ఫ్యాక్టరీ సింథటిక్ ఫోరెండు బోలు డబ్బా లెక్క వంగుతది. బ్యాండు ఉంటే ఫోరెండు వంగినప్పుడల్లా బ్యారెల్‌ని గుంజుతది. సంచి మీద పెట్టి కొట్టినప్పుడు సున్నా చేసిన సైటు స్లింగు బిగించంగనే కిందికో పక్కకో పోతది. చానామంది సైటుని తప్పుబడుతరు, అది స్టాకు పని.

చేసేది ఏందంటే: బ్యాండు తీసెయ్యుర్రి. ఫోరెండు లోపట రెండు సన్న కార్బన్ ఫైబర్ గొట్టాలు పొడుగూత పెట్టి ఎపాక్సీతోని అంటించుర్రి. మొదలు ప్లాస్టిక్‌ని గరుకు కాగితంతోని బాగ గీరి, చిన్న గుంటలు పొడవాలె, లేకుంటే ఎపాక్సీ పట్టదు, కొన్నాళ్లకి పెంకు లెక్క ఊడొస్తది. ఎపాక్సీ బ్యారెల్ గాడి అంచు దాక పోయొద్దు. ఎండినంక బ్యారెల్ బిగించి, కాగితం నోటు బ్యారెల్ కింద నుంచి రిసీవర్ దాక జరపాలె. స్లింగు గట్టిగ లాగి పట్టుకొని కూడా జరగాలె. ఆగిందంటే ఆడ ఆనుతున్నట్టు. దీనికి అయ్యే బరువు ఫోరెండులనే ఉంటది కాబట్టి ఆస్టినన్న చెప్పిన తూకం కూడా దీంతోనే వస్తది. ఒక దెబ్బకు రెండు పిట్టలు.

14. ఆస్టిన్_రిమ్‌ఫైర్

భలే చెప్పావు తమ్ముడూ. ఒక్క జాగ్రత్త. బ్యాండు తీస్తే బ్యారెల్ రిసీవర్ ముక్కు మీదే వేలాడుతుంది. రంధ్రం వదులుగా ఉంటే మూతి కిందికి వాలుతుంది, 10/22లో ఇది పాత జబ్బే. లక్షణం ఏంటంటే, స్కోపు ఎలివేషన్ దాదాపు అంతా పైకి తిప్పితేగానీ గురి రాదు. తేలిక బ్యారెల్‌కి వాలడం తక్కువే, అయినా చూసుకోవాలి. వదులుగా ఉంటే బ్యారెల్ తోక అడుగు భాగంలో 0.001 లేదా 0.002 అంగుళాల ఇత్తడి రేకు ముక్క పెట్టి తోయండి. పచ్చ రంగు రిటైనింగ్ కాంపౌండు పూసేవాళ్లూ ఉన్నారు, పట్టు బాగుంటుంది గానీ మళ్లీ విప్పాలంటే వేడి చేయాలి.

టేక్‌డౌన్ స్క్రూ 15 ఇంచ్-పౌండ్లతో మొదలుపెట్టి, 12 దగ్గర, 18 దగ్గర కూడా గుంపులు కొట్టి చూడండి. ఏ అంకె దగ్గర గుంపు చిన్నదైతే అది రాసిపెట్టుకుని ప్రతిసారీ దానికే బిగించండి. ఆ స్క్రూ చుట్టూ ప్లాస్టిక్ మెత్తగా నలిగితే అంకె నిలవదు. స్క్రూ చుట్టూ చిన్న అల్యూమినియం గొట్టం ముక్క పిల్లరుగా పెడితే ఆ బాధ పోతుంది.

15. భాగ్యనగరం_ఎయిర్

ఆసక్తిగా చదువుతున్నాను. హైదరాబాద్ నుంచి అడుగుతున్నా, ఇలాంటిది ఇక్కడ చేసుకోవచ్చా?

16. సరిత_ప్లేనో

కుదరదండీ. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ తయారీకి, మార్పుకి, మరమ్మతుకి కూడా లైసెన్సు కావాలి. సొంతంగా బ్యారెల్ పొట్టి చేయడం కూడా అదే చట్టం కింద నేరం. విడిభాగాలు తెప్పించుకోవాలని కూడా చూడొద్దు.

మీకు సరైన దారి ఎయిర్ రైఫిలు. 4.5 మిల్లీమీటర్ల (.177) బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిలులోనే. అక్కడ పోటీ రైఫిలు 5.5 కిలోల దాకా ఉండొచ్చు, చాలామంది బరువు పెంచుకుంటారు. పిల్లలకి మాత్రం ఈ పోస్టుల్లో చెప్పిన పట్టు పొడవు, తూకం సంగతులు అక్షరాలా వర్తిస్తాయి.

17. గోదారి22

సైట్ల విషయం మిగిలింది. ఒకదానికి స్కోపు, ఇంకోదానికి పీప్ సైటు (చిన్న రంధ్రంలోంచి చూసేది) అనుకుంటున్నా.

18. కృష్ణాతీరం

రెండింటికీ ఒకటే పెట్టండి, పాపకి నేర్పడం తేలిక. పీప్ సైటు అయితే టెక్ సైట్స్ వాళ్లవి ఈ రైఫిలుకి బాగా నప్పుతాయి, బరువు నామమాత్రం. ముందు సైటు ఏ వ్యాసం బ్యారెల్ మూతికి చేశారో కొనేముందు చూడండి. స్కోపు అయితే 2-7 పవర్ చాలు. అయినా స్కోపు, రింగులు, రైలు కలిసి అర కిలోకి దగ్గర పడతాయి, మీరు బ్యారెల్‌లో మిగిల్చింది పైకెక్కుతుంది. చిన్న రెడ్ డాట్ వంద గ్రాముల చుట్టూ ఉంటుంది.

రైలు బిగించే స్క్రూలు 6-48 మర. కొంచెం పొడుగైనా లోపల బోల్టు నెత్తికి తగులుతాయి. బిగించాక బోల్టుని నెమ్మదిగా చేత్తో లాగి వదలండి, ఎక్కడైనా రాచుకుంటోందా వినండి. 25 గజాల్లో ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ (గురి తేడా కొలిచే కోణం, డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే దాదాపు పావు అంగుళం. సైటు క్లిక్కు లెక్క పాపకి ఇదొక్కటి చెప్తే చాలు.

19. లేత్_మాస్టర్

మొదటిసారి కాల్చే పద్ధతి. బిగింపు అంతా అయ్యాక రంగు రంగుల డమ్మీ తూటాలతో పది మ్యాగజీన్లు చేత్తో నడిపించండి. ఆ డమ్మీలు ఫీడింగు చూడటానికే, ట్రిగ్గర్ నొక్కడానికి కాదు. డ్రై ఫైర్‌కి (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) అయితే, 10/22 ఫైరింగ్ పిన్నుని అడ్డం పిన్ను ఆపుతుంది కాబట్టి ఖాళీ చాంబరు మీద నొక్కినా పాడవదని రూగర్ చెప్తుంది. మనసొప్పకపోతే గోడకి కొట్టే పసుపుపచ్చ ప్లాస్టిక్ యాంకర్లు చాంబరులో పెట్టుకోండి, చాలామంది వాడేది అదే.

రేంజిలో మ్యాగజీన్‌లో ఒకే తూటా పెట్టి ఐదుసార్లు. తర్వాత రెండేసి ఐదుసార్లు. రెండు పెట్టినప్పుడు ఒక్క నొక్కుడుకి ఒక్కటే పేలాలి. రెండూ పేలితే అక్కడితో ఆపేసి, ట్రిగ్గర్ హౌసింగు విప్పి చూడకుండా మళ్లీ కాల్చొద్దు. ఇవి సరిగ్గా నడిచాకే పది. పాప రైఫిలుని ముందు మీరు ఈ వరుస మొత్తం చేశాకే ఆమె చేతికివ్వండి.

ఖాళీ గొట్టాలు ఏరి చూడండి. రిమ్ మీద పిన్ను గుర్తు స్పష్టంగా, అంచు మీద ఉండాలి. గొట్టం అడుగు ఉబ్బినా, చీలినా ఆపేయండి. గుర్తు పలచగా ఉంటే బోల్టు పూర్తిగా మూసుకోకపోయి ఉండొచ్చు. అప్పుడు పిన్ను మార్చే ముందు బోల్టు హ్యాండిల్ స్టాకు అంచుకి రాచుకుంటోందా చూడండి. కొత్త స్టాకుల్లో ఆ కోత సరిపోక హ్యాండిల్ ఆగడం మామూలు. హ్యాండిల్‌కి రంగు పెన్సిలు పూసి బోల్టు నడిపిస్తే ఎక్కడ రాస్తోందో స్టాకు మీద గీత పడుతుంది, అక్కడ కొంచెం ఆకురాయి వేస్తే సరి. గొట్టం బయటకి రాక ఇరుక్కుంటుంటే ఎక్స్‌ట్రాక్టరు, లేదా మసి పట్టిన బిగుతు చాంబరు.

20. సరిత_ప్లేనో

తుడవడం గురించి ఒక మాట. ఈ రిసీవర్ వెనక మూసి ఉంటుంది కాబట్టి కడ్డీ మూతి వైపు నుంచే పెట్టాల్సి వస్తుంది, అలా పెడితే క్రౌన్ అరిగి గురి పోతుంది. గుడ్డ తాడు రకం వాడండి, చాంబరు నుంచి మూతి వైపు లాగండి. రేంజి నుంచి రాగానే పాప చేతులు సబ్బుతో కడగాలి, ముఖం తర్వాతే. సీసం పొడి చేతుల మీదే ఉంటుంది. కళ్లద్దాలు, చెవి కప్పులు ఇద్దరికీ. రెండు రైఫిళ్లూ బోల్టు తెరిచి చాంబర్ ఫ్లాగు (ఖాళీ అని చూపే ప్లాస్టిక్ ముక్క) పెట్టి, తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరేచోట.

21. గోదారి22

అర్థమైంది. ఆర్డర్ ఇలా వేస్తున్నా: ఒక మామూలు కార్బైన్, ఒక కాంపాక్ట్, రెండు బీఎక్స్ ట్రిగ్గర్లు, ఫ్యాక్టరీ టేపరు సైజు తేలిక బ్యారెళ్లు రెండు, పాలిమర్ బోల్టు స్టాప్ పిన్నులు రెండు, ఇంచ్-పౌండ్ రెంచి ఒకటి, పది తూటాల మ్యాగజీన్లు ఆరు. ముందు ట్రిగ్గర్లు మాత్రం మార్చి, ఫ్యాక్టరీ బ్యారెళ్లతోనే గుంపులు కొట్టి రాసుకుంటా, ఆ తర్వాతే బ్యారెళ్లు. ఏమైనా మర్చిపోయానా?

22. ఆస్టిన్_రిమ్‌ఫైర్

వరుస బాగుంది. ఫ్యాక్టరీ బ్యారెళ్లు అమ్మేయకండి. కొత్త బ్యారెల్‌లో ఏదైనా మొరాయిస్తే తప్పు బ్యారెల్‌దా, రిసీవర్‌దా అని తేల్చుకోవడానికి పాతది పెట్టి చూడటమే దగ్గర దారి. బోల్టు స్టాప్ పిన్ను పాలిమర్‌ది పెడితే చప్పుడు తగ్గుతుంది, వెయ్యి రెండువేల తూటాలకోసారి తీసి నలిగిందేమో చూడండి. ఇంకా వీ దిమ్మె స్క్రూలకి ఎర్ర రంగు లాక్‌టైట్ వేయొద్దు, నీలం రంగుది ఒక చుక్క చాలు.

23. పాలమూరు_పిల్లగాడు

మ్యాగజీన్ల మీద నంబర్లు రాయన్నా, పెయింటు పెన్నుతోని. ఒక్క మ్యాగజీనే తిప్పలు పెడుతుంటే రైఫిలు విప్పి చూసుకుంట కూసోవద్దు.